ఇరవై ఆరుగురు జవాబు రాశారు

మా అమీర్‌పేటలో సిఫార్సు లేఖ ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. లేకపోతే ఆ వేసవిలో జరిగింది ఎవరికీ అర్థం కాదు. విద్యార్థి స్కాలర్‌షిప్ ఫారం పట్టుకొని ప్రొఫెసర్ గారి గదికి వెళతాడు. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నువ్వే ఏదో ఒకటి రాసి తీసుకురా, సంతకం పెడతాను అంటాడు. తన గురించి తాను ఇంగ్లీషులో పొగుడుకోవడం ఆ పిల్లలకు రాదు, వచ్చినా సిగ్గు. అందుకని సత్యం థియేటర్ సందులో మూడో అంతస్తు ఎక్కి, ‘సాలమన్ స్పోకెన్ ఇంగ్లీష్’ అన్న బోర్డు కింద కూర్చున్న నా దగ్గరికి వస్తారు. నేను ప్రొఫెసర్ గొంతుతో రాస్తాను. ఆయన సంతకం పెడతాడు. కవరు అంటించి, అంటించిన చోట మళ్ళీ ఒక సంతకం చేసి, పైన ‘రహస్యం’ అని ముద్ర కొడతారు. లోపల ఏముందో ఆ ప్రొఫెసర్‌కి తప్ప అందరికీ తెలుసు.

ఇందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు. అందరూ చేసేదే. పైగా నాకు చేతనైన విద్య అదొక్కటే. ఎమ్మే ఇంగ్లీషు చదివి, ఒంగోలు నుంచి ట్రంకుపెట్టెతో దిగినప్పుడు నేను కాలేజీ లెక్చరర్ని అవుతాననుకున్నాను. అయిందేమిటంటే, పదహారేళ్ళుగా ఇతర లెక్చరర్ల గొంతులు అనుకరించడం. ఏ ప్రొఫెసర్‌కి పొడుగు వాక్యాలు ఇష్టమో, ఎవరు పొగడ్తకు పొదుపో నాకు కంఠస్థం.

అది రెండువేల ఆరు ఎండాకాలం. అమీర్‌పేటలో నడవడానికి చోటు ఉండేది కాదు. ప్రతి మెట్ల దారిలోనూ జావా, టెస్టింగ్, శాప్ అంటూ సాఫ్ట్‌వేర్ కోర్సుల బ్యానర్లు. ప్రతి స్తంభానికీ ఎవరో ఒక సార్ ఫొటో. బస్సు దిగిన కుర్రాడు చౌరస్తా దాటేలోపు చేతిలో పది కరపత్రాలు పడేవి. వాళ్ళందరికీ ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు కావాలి కాబట్టి నా బెంచీలూ నిండేవి. అట్లాంటి ఏప్రిల్లో ఒక ఉదయం, ఏడు గంటల బ్యాచి అయిపోయాక ఆఖరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. పేరు ఫౌజియా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేయబోతోంది. నెల రోజులుగా నా క్లాసుకు వస్తున్నా, అడిగితే తప్ప నోరు విప్పని మనిషి.

“సార్, మీరు లెటర్లు రాసిస్తరట గద. నాకొకటి గావాలె. మా రామ్మోహనరావు సార్ నన్నే రాసుకొని రమ్మన్నడు” అంది.

ఫారం చూశాను. ఢిల్లీలోని ఒక సైన్సు సంస్థ దేశం మొత్తం మీద పాతికమందికి ఇచ్చే పరిశోధన స్కాలర్‌షిప్ అది. వచ్చిందంటే బెంగళూరులో అయిదేళ్ళు చదువు, హాస్టలు, అన్నీ వాళ్ళవే. రాకపోతే ఏం చేస్తావని అడిగాను. ఊరికే అడిగిన మాటకు ఆమె దగ్గర ఖచ్చితమైన జవాబే ఉంది. వాళ్ళ నాన్న షంషేర్‌కి పంజాగుట్ట మార్కెట్ వెనక సందులో ఫ్యాన్లకూ మోటార్లకూ తీగ చుట్టే షాపు. ఏడాదిగా ఆయనకు చూపు మందగించింది, సన్న తీగ కనబడటం లేదు. అన్న ముషర్రఫ్ ఒక కాల్ సెంటర్లో పని చేస్తాడు. చెల్లెలి సంగతి తన మేనేజర్‌తో చెప్పి ఉంచాడు. జూలైలో కొత్త బ్యాచి తీసుకుంటారు. ఈలోగా స్కాలర్‌షిప్ వస్తే బెంగళూరు, రాకపోతే కాల్ సెంటర్. ఇంట్లో అందరూ కూర్చొని చేసుకున్న ఒప్పందం అది, ఒక్కసారికే.

సరే, నీ గురించి ప్రొఫెసర్‌కి గుర్తుండేది ఏదైనా చెప్పు అన్నాను. ఇది నేను అందర్నీ అడిగే ప్రశ్నే. అందరూ క్రమశిక్షణ, కష్టపడే తత్వం అని మొదలుపెడతారు. ఈమె చాలాసేపు ఆలోచించి, రాగి సంగతి చెప్పింది.

ల్యాబులో ఇత్తడి ముక్క ఇచ్చి అందులో రాగి ఎంత శాతముందో కనుక్కోమంటారట. జవాబు అరవై మూడు. సీనియర్ల రికార్డు పుస్తకాల్లో ఏళ్ళ తరబడి అదే ఉంది. ఈమెకు యాభై ఏడు వచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ యాభై ఏడే. నాలుగుసార్లు చేసి, యాభై ఏడనే రాసింది. అందరికంటే తక్కువ మార్కులు వేశారు. రెండు నెలల తర్వాత ల్యాబు అటెండరు మాటల్లో అన్నాడట, ఈ ఏడాది ఇత్తడి పాత కొట్లో కాకుండా వేరే చోట కొన్నారని. ముక్కే వేరు, రాగి నిజంగానే తక్కువ.

“మరి ఆ సంగతి మీ సార్‌కి చెప్పావా?” అన్నాను.

“చెప్పలే సార్. చెప్తే మిగిలినోళ్ళందరి మార్కులు పోతయి గద” అంది.

ఆ రోజు మధ్యాహ్నం తలుపు వేసుకొని ఆ లేఖ రాశాను. పదహారేళ్ళలో మొదటిసారి నేను అనుకరించకుండా రాసిన లేఖ అది. మధ్యలో ఒక చోట ఇలా వచ్చింది: ‘తరగతిలో ఇరవై ఏడు రికార్డు పుస్తకాలున్నాయి. ఇరవై ఆరుగురు జవాబు రాశారు. ఫౌజియా ప్రయోగం చేసింది.’ ఇంగ్లీషులో అది ఇంకా చిన్నగా, ఇంకా చక్కగా కుదిరింది. పెన్ను కింద పెట్టి, లేచి ఒకసారి గదంతా తిరిగాను. సాయంత్రం ఎర్రగడ్డలో ఇల్లు చేరగానే చెప్పులు విప్పకుండానే మా ఆవిడ సుమిత్రకు చదివి వినిపించాను. ఆమె సోమాజిగూడ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వంకాయలు తరుగుతూ విన్నది.

“మా వార్డులోనూ అంతేనండి. ధర్మామీటర్ పెట్టకుండానే తొంభై ఎనిమిదిన్నర రాసేసే వాళ్ళున్నారు. ఆ పిల్ల మా దగ్గరుంటే బాగుండేది” అని, కత్తి పక్కన పెట్టి, “ఇంత బాగా రాస్తారని నాకు తెలియదండీ” అంది. ఆ మాట నాకు తలకెక్కింది. దాచడం ఎందుకు, తరువాత జరిగిన దానికి అది కూడా ఒక కారణం.

రామ్మోహనరావు గారు ఆ లేఖ చదవకుండానే సంతకం పెట్టారట. ఫౌజియా ఆ మాట నవ్వుతూ చెప్పింది. కవరు రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది.

దరఖాస్తులు పోస్టులో వేయడానికి ఆఖరు రోజు మే నెలలో ఒక శుక్రవారం. ఆ పూట నా గది సంతలా ఉంది. మధ్యాహ్నం మూడింటికి మా బిల్డింగు ఓనరు జోగారావు గారు, మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. హనుమత్ప్రసాద్ అని, మరో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు. అదే స్కాలర్‌షిప్, అదే ఆఖరు రోజు. ఆ కుర్రాడి ప్రొఫెసరు అయిదున్నర రైలుకు ఊరెళుతున్నాడు, స్టేషనుకు బయలుదేరేలోపు సంతకం కావాలి.

“సాలమన్ గారూ, మావాడికి కూడా ఒకటి పడెయ్యండి. మీకదెంతసేపు” అన్నారు జోగారావు గారు. ఆయన మాట నేను ఎన్నడూ కాదనలేదు. ఆ గదిలోంచి నన్ను ఖాళీ చేయించకుండా ఉన్నది ఆయన మంచితనమే. కుర్రాణ్ణి అడిగాను, నీ గురించి ప్రొఫెసర్‌కి గుర్తుండేది ఏమిటి అని. ఏమీ లేదండి, మీరే ఏదో ఒకటి రాయండి అన్నాడు. ప్రాక్టికల్స్ గురించి అడిగాను. అందరితోపాటు చేశానండి అన్నాడు. అతను అబద్ధాలకోరు కాదు. ఆ స్కాలర్‌షిప్ మీద అతనికి పెద్ద ఆశ కూడా లేదు. మామయ్య బలవంతం మీద వచ్చాడు.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. చేయి పరిచయమున్న మాటల మీదుగా పోయింది. నిబద్ధత, పట్టుదల, జిజ్ఞాస. చదువుకుంటే నాకే చప్పగా ఉంది. ఏప్రిల్లో రాసిన ఆ వాక్యాల రుచి ఇంకా నోట్లోనే ఉంది. పాత ఫైలు తెరిచాను. కెమిస్ట్రీ కట్ట వేరు, ఫిజిక్సు కట్ట వేరు, చదివేవాళ్ళు వేరు, అనుకున్నాను. ఇత్తడి తీసేసి ప్రిజం పెట్టాను. ‘ముప్పై మంది జవాబు రాశారు. హనుమత్ప్రసాద్ ప్రయోగం చేశాడు.’ జోగారావు గారు నిలబడే చదివి, అబ్బో అన్నారు. నేను సంతోషించాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషమే తప్ప ఇంకేమీ లేదు.

జూన్ మొదటి వారంలో ఫౌజియాకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ఆమెకంటే ముందు షంషేర్ మెట్లెక్కి వచ్చాడు. పొట్టిగా, వేళ్ళ చివర్లలో వార్నిష్ మరకలతో, గడపలోనే ఆగిపోయే మనిషి. దేశం మొత్తం నుంచి అరవై మందిని పిలిచారనీ, అందులో పాతిక మందికి ఖాయమనీ, కూతురు చెప్పింది చెప్పినట్టు నాకు అప్పజెప్పాడు. గులాబ్ బీ, అంటే ఆయన భార్య, అప్పుడే బెంగళూరులో చలి ఉంటుందని కూతురికి రజాయి కుట్టించడం మొదలుపెట్టిందట. జర తొందరపాటు మనిషి సార్ అని నవ్వాడు. హనుమత్ప్రసాద్‌కు కూడా పిలుపొచ్చిందని అదే రోజు జోగారావు గారు చెప్పారు. అప్పుడైనా నాకు ఏదో ఒకటి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నా లేఖలు రెండూ గెలిచాయని పొంగిపోయాను.

ఇంటర్వ్యూ బెంగళూరులో. తండ్రీకూతుళ్ళు రైల్లో వెళ్ళి వచ్చారు. తిరిగొచ్చిన మర్నాడు వాన పడుతోంది. నేను క్లాసు మధ్యలో ఉన్నాను, ‘నేను రెండు గంటలుగా ఎదురు చూస్తున్నాను’ అన్న ముక్కను ఇంగ్లీషులో నలభై మంది చేత అనిపిస్తున్నాను. ఫౌజియా వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. అందరూ వెళ్ళేదాకా కదలలేదు. ఆ మొహం చూడగానే సంగతి సరిగా లేదని తెలిసింది.

“ముందుగాల మంచిగనే అడిగిన్రు సార్” అని మొదలుపెట్టింది. “రాగి తీగె మీది వార్నిష్ ఎందుకు పగులుతదని అడిగిన్రు. మా షాపుల చూసింది చెప్పిన. ఒక మేడం నవ్వుకుంట రాసుకున్నది. ఇరవై నిమిషాలు గట్లనే నడిచింది. గప్పుడు ఇంకో ఆయన రెండు కాయితాలు దీసి నా ముంగట పెట్టిండు.”

ఒకటి ఆమెది, రెండోది హనుమత్ప్రసాద్‌ది. కెమిస్ట్రీ, ఫిజిక్సు కట్టలు వేరే అయినా ఇంటర్వ్యూ బోర్డు ఒక్కటే. ఆ మేడం ముందురోజు హనుమత్ప్రసాద్‌ని కూడా చూసిందట.

“మీ ప్రొఫెసరే రాసిండా అని అడిగిన్రు. సంతకం సార్‌దే, రాసింది వేరేవాళ్ళు అన్న. గిండ్ల ఉన్నది నిజమేనా అన్నరు. నిజమే, నా రికార్డు తెప్పించుకొని చూడున్రి అన్న. గా రెండో కాయితంల ఉన్నది సుత నిజమేనా అన్నరు. నాకెట్ల తెలుస్తది సార్?”

“నా పేరు చెప్పావా?” అన్నాను.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం పుడుతుంది. ఆ పిల్ల భవిష్యత్తు నా బల్ల మీద పగిలి పడి ఉంటే, నేను వెతుక్కున్నది నా పేరు.

“మీ పేరు ఎవ్వరు అడగలే సార్” అంది మామూలుగా. కోపం లేదు. కొంతసేపు వాన వంక చూసింది. తరువాత, “గా పిలగాడు సుత నిజంగనే అట్ల చేసిండా?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది. సంచి భుజానికి తగిలించుకొని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఫలితం ఇంకా రాలేదు కదా అని నాకొక పిచ్చి ఆశ. మర్నాడే శ్రీనగర్ కాలనీలో రామ్మోహనరావు గారింటికి వెళ్ళాను. ఆయన పేరుతో మూడేళ్ళుగా రాస్తున్నా, ఆయన్ను చూడటం అదే మొదటిసారి. నెమ్మదైన మనిషి. కాఫీ ఇప్పించారు. జరిగిందంతా చెప్పి, ఢిల్లీకి ఒక్క ముక్క రాయండి, ఫౌజియా లేఖ మీరే రాశారనీ, రెండోది ఎవరో దాన్ని చూసి కాపీ కొట్టారనీ చెప్పండి, ఆ పిల్ల బయటపడుతుంది అని బతిమాలాను. రికార్డు పుస్తకం ల్యాబులోనే ఉంది, చూసుకోవచ్చు అని కూడా అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టి, నా సంతకంతో మీరు ఇప్పటిదాకా ఎన్ని రాసుంటారండీ అని అడిగారు. లెక్క పెట్టుకొని పదకొండు అన్నాను. ఆ పదకొండు మందిలో ఆరుగురు ఇప్పుడు మంచి చోట్ల ఉన్నారట. నేనిప్పుడు ఒక లేఖ గురించి నోరు విప్పితే వాళ్ళు మిగతావి తీస్తారు, అందరి మెడకూ చుట్టుకుంటుంది అన్నారు. ఆ అమ్మాయి బోర్డు ముందు అప్పటికే వేరేవాళ్ళు రాశారని చెప్పేసిందనీ, ఇప్పుడు తానే రాశానని చెబితే ఆమెనే అబద్ధాలకోరును చేసినట్టవుతుందనీ కూడా అన్నారు. అది నిజం. లేచి నిలబడ్డాను.

“ఆ పిల్ల ముఖం కూడా నాకు సరిగా గుర్తులేదండీ” అన్నారు గుమ్మం దాకా సాగనంపుతూ. ఆ మాట బాధగానే అన్నారు.

ఇక నేనే మిగిలాను. అమీర్‌పేట చౌరస్తాలో ఎస్టీడీ బూత్ నుంచి ఢిల్లీకి ఫోన్ చేశాను. మూడు బల్లలు మారాక ఒక గుమాస్తా దొరికాడు. నా హిందీ అంతంతమాత్రం. ఫలానా అభ్యర్థి సిఫార్సు లేఖ గురించి మాట్లాడాలన్నాను. మీరెవరన్నాడు. ఆ లేఖ రాసినవాణ్ణన్నాను. ప్రొఫెసర్ గారా అన్నాడు. కాదన్నాను. అతను ఓపికగా విడమర్చి చెప్పాడు. లేఖ ప్రొఫెసర్ రాసిందైతే అందులో మీకేం పని? మీరు రాసిందైతే అది దొంగ లేఖ, ఇక మాట్లాడేదేముంది? బూత్ బయట టెస్టింగ్ కోర్సు పిల్లలు వరస కట్టి, నా వంక విసుగ్గా చూస్తున్నారు. రిసీవర్ పెట్టేసి బయటికొచ్చాను.

అయినా ఉత్తరం రాశాను. నా సొంత పేరుతో. ‘నేను, కొండెపాటి సాలమన్, ఇంగ్లీషు ట్యూటర్ని’ అని మొదలుపెట్టి తప్పంతా నాదేనని రాశాను. పదహారేళ్ళు పరాయి గొంతులతో రాసిన నాకు నా గొంతుతో ఒక పేజీ నింపడానికి మూడు రోజులు పట్టింది. పూర్తయ్యాక సుమిత్ర చదివింది. దీని మీద సంతకం ఏ హోదాలో పెడతారండీ అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. పేరు కింద ఏమీ రాయకుండానే పంపాను. రెండు వారాలకు అచ్చేసిన కార్డొకటి వచ్చింది. సిఫార్సులు గుర్తింపు పొందిన అధ్యాపకుల నుంచి మాత్రమే, నిర్ణీత ఫారంలోనే స్వీకరించబడును.

జూలై మొదటి వారంలో పాతికమంది జాబితా వచ్చింది. ఫౌజియా పేరు లేదు. హనుమత్ప్రసాద్ పేరూ లేదు. అతను మెట్ల మీద ఎదురై, పోన్లెండి, ఎలాగూ క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ట్రైనింగ్‌కి పిలిచారు, చాలా థాంక్సండి అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. దొరకలేదు.

షంషేర్‌కి నిజం చెప్పాలనుకున్నాను. ఆ మాత్రమైనా చేయకపోతే ఆయనకు మొహం చూపించలేననిపించింది. పంజాగుట్టలో రోడ్డు తవ్వేసి ఉంది. పలకలు వేసిన బురద దాటుకుంటూ మార్కెట్ వెనక సందులోకి వెళ్ళాను. షాపు ఒక్క గది. విప్పిన ఫ్యాన్లు, రాగి చుట్టలు. షంషేర్ నన్ను చూడగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. లోపల లైటు కింద ఫౌజియా కూర్చొని తీగ చుడుతోంది. ఆయనకు కనబడని సన్న తీగ ఇప్పుడు ఆమె చుడుతోంది.

“నసీబ్ల లేదు సార్. ఏం జేస్తం” అన్నాడు షంషేర్. “సీట్లు తక్కువుండెనట. ఢిల్లీ, బంబై పోరగాండ్లకే సరిపోయినయట. మీరు మాత్రం మస్తు మెహనత్ చేసిన్రు. ఇంట్ల రోజు మీ పేరే.”

షంషేర్ భాయ్, మీతో ఒక మాట చెప్పాలి అన్నాను. ఫౌజియా చేయి ఆగింది. తీగ కొస వేలికి చుట్టుకొని లేచి, సార్‌ను రోడ్డు దాకా దింపొస్త అబ్బా, బురదున్నది అని తండ్రితో అంది. నేను సగం తాగిన చాయ్ వదిలేసి ఆమె వెనక నడిచాను. సందు మలుపులో నిలబడింది.

“చెప్పకున్రి సార్.”

“నేను చేసిన తప్పుకు నువ్వెందుకమ్మా…”

“ఆయినకు సీట్లు తక్కువని చెప్పిన. నమ్మిండు. నిమ్మళంగ ఉన్నడు. మీరు నిజం జెప్తే ఏమైతది? నాకు వచ్చేదుండె, చేతికొచ్చింది పోయింది అని ఎరుకైతది. ఆయిన బతికినన్ని రోజులు అదే యాది జేస్తడు.” నా చెప్పుల మీది బురద వంక చూస్తూ అంది. “నేను ఎన్నడు ఇంట్ల అబద్ధం చెప్పలే. గిదొక్కటే. దాన్ని జర నిలవనియ్యున్రి.”

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆమె క్షమించేది, నేను తేలిక పడి ఇంటికి పోయేవాణ్ణి. ఆమెకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకని ఊరుకున్నాను. సోమవారం నుంచి కాల్ సెంటర్ల డ్యూటీ చేరుతున్న సార్ అని చెప్పి వెనక్కి తిరిగింది.

ఆ తరువాత ఆమెను ఒక్కసారే చూశాను. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కంపెనీ తెల్ల సుమో ఆగి ఉంది. కిటికీ పక్కన కూర్చొని, మెడలో కార్డుతో, పక్కనున్న అమ్మాయి చెబుతున్నదేదో వింటోంది. నన్ను చూడలేదు. చూడకూడదనే నేనూ బస్సు చాటుకు తప్పుకున్నాను.

సిఫార్సు లేఖలు మానేశాను. జోగారావు గారి దగ్గరి నుంచి వచ్చిన రెండు కూడా కాదన్నాను. ఆయన ఒక వారం ముభావంగా ఉండి, తరువాత మామూలైపోయారు. మానడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పక్క సందులో ఇంకొకాయన బోర్డు పెట్టాడు.

ఆగస్టు ఆఖర్లో ఒక ఆదివారం పొద్దున షంషేర్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. ఫౌజియా ఉద్యోగం పర్మనెంటు అయిందట. నెలన్నరకే చేశారట, అంత బాగా మాట్లాడుతోందట ఫోన్లో. ట్రైనింగులో వాళ్ళ మేడం అందరి ముందూ నిలబెట్టి, నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారు అని అడిగితే నా పేరు చెప్పిందట.

“ఇదంత మీ పుణ్యం సార్” అన్నాడు. డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. నేను తీసుకొని నోట్లో పెట్టుకునేదాకా పట్టుకునే ఉన్నాడు.

అప్పుడు చూశాను, ఆయన వెనక గడప అవతల పదహారేళ్ళ పిల్ల నిలబడి ఉంది. చిన్న కూతురు అతియా. ఇంటర్లో చేరింది, ఎంపీసీ. టెన్త్‌లో స్కూలు ఫస్టు. షంషేర్ ఆమెను భుజం పట్టి ముందుకు నడిపించాడు.

“దీన్ని సుత మీ చేతిలనే పెడుతున్న. పెద్దదాని తీరుగ దీనికి కాకూడదు. ఇప్పటి నుంచే తయారు జేయున్రి. రెండు మూడేండ్లయితే ఏమన్న రానీ, ఫారం మీరే నింపాలె, లెటరు మీరే రాయాలె. ఫౌజియా మీద మీరు రాసిన లెటరు నకలు దాని దగ్గరనే ఉన్నది సార్. నిన్న చదివి మాకందరికి అర్థం చెప్పింది. మా గులాబ్ బీ ఏడ్సింది. ఇంత మంచిగ మా బిడ్డ గురించి ఎవ్వరు ఎన్నడు అనలే సార్. దీని గురించి సుత అట్లనే రాయున్రి.”

నోట్లో మిఠాయి ఉంది. అది సాకు. లేకపోయినా నేను ఏమీ అనగలిగి ఉండేవాణ్ణి కాదు. ఎవరైనా ఈయనకు చెప్తే బాగుండును, ఇక్కడి నుంచి ఈ పిల్లను తీసుకుపొమ్మని. చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పవద్దని మాట తీసుకున్నది ఆయన కూతురే.

అతియా అక్క కూర్చున్న ఆఖరి బెంచీకి పోలేదు. మొదటి బెంచీలో, నాకు ఎదురుగా కూర్చొని కొత్త నోటుబుక్కు తెరిచింది. షంషేర్ ఇద్దర్నీ చూసి, తృప్తిగా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

“ఏం రాయాలె సార్?” అంది.